పిచ్చుకలు దూరకుండా మూసిన గాలికన్నాలు

1968 వేసవిలో నన్ను విజయనగరంలో భవనాల శాఖ సూపర్వైజరుగా వేశారు. ఇంజనీరుకి ఒక మెట్టు కింద, మేస్త్రీకి ఒక మెట్టు పైన. ఇద్దరిచేతా మాటలు పడే ఉద్యోగం. చేరిన కొద్దిరోజులకే, గజపతినగరం అవతల దొరల కాలంలో కట్టిన ఒక చర్చిని చూసి, ఉంచాలో పడగొట్టాలో రాయమన్నారు. ఆరాధన మధ్యలో పైకప్పు పెచ్చులు రాలిపడ్డాయట.

అది మద్రాసు టెర్రస్. టేకు దూలాలు, వాటి మీద సన్నవాసాలు, ఆపైన నిలువుగా పేర్చిన ఇటుక. అన్నిటి మీదా బెల్లంనీళ్లూ కరక్కాయ రసమూ కలిపి, చెక్కలతో కొట్టి గట్టిపరచిన సున్నం. అలాంటి పనితనం కనిపిస్తే నాకు ఆకలి గుర్తుండదు. కానీ దూలాలు గోడ దగ్గర కుంగి ఉన్నాయి. దూలం కుంగితే ముందు తాళం వెయ్యాలని మా నియమం. వేయించాను.

చర్చిని అక్కడివాళ్లు గుడి అనే అంటారు. గుడి ఊడ్చే రూతమ్మ మెట్ల మీద నుంచి కదల్లేదు. "మా అమ్మమ్మ వాళ్లమ్మ సున్నం మోసిన గుడి బాబూ ఇది. తాళం ఏసుకో, ఒద్దనను. పడగొట్టీమని మాత్రం రాయకు," అంది. నేనేం మాటివ్వగలను? మనసొప్పకపోయినా, ఆ దూలాలను చూస్తే మరోలా రాసే దారి కనపడలేదు.

మా అసిస్టెంట్ ఇంజనీరు గారు అంతా విని, దూలాల చివరలకు గాలి ఎటునుంచి వస్తోందని అడిగారు. మర్నాడు తనే నాతో బయల్దేరారు. బరమాతో దూలాలను తొలిపించి చూశారు. మధ్యలో టేకు వాసన వేసే పొడిపొట్టు వచ్చింది. గోడలో దూరిన చివర మాత్రం నల్లగా, తడిగా ఉంది. బయట గోడ గీకిస్తే సంగతి తేలింది. ప్రతి దూలం చివరకూ కట్టినవాళ్లు ఒక గాలికన్నం వదిలారు. అన్నీ సిమెంటుతో పూడ్చేసి ఉన్నాయి.

రూతమ్మ మొహం మాడిపోయింది. "పిచ్చికలు దూరి ప్రభువు బల్ల మీద రెట్టలేస్తన్నాయని, క్రిస్మస్ సున్నాలప్పుడు మేమే మూసీనాం బాబూ. ఏటి, మా గుడికి మేమే ఊపిరాడకుండా సేసీనామా?" అంది. చివరలే పోయాయి, దూలం బతికే ఉందని ఇంజనీరు గారు నెమ్మదిగా చెప్పారు. ఆ మాట ఆయన నోట విన్నందుకు ఆమె కంటే నాకే ఎక్కువ ప్రాణం లేచొచ్చింది.

కన్నాలు తెరిచి జల్లెడతీగ బిగించాం. కుళ్లిన చివరలను వదిలేసి, గట్టి చెక్క ఉన్నచోట గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చేలా రాతి దిమ్మలు పెట్టి, దూలాలను వాటి మీద నిలిపాం. మిద్దె మీద కొత్త సున్నాన్ని సంఘంలోని ఆడవాళ్లే చెక్కలు పట్టి కొట్టారు. అది ఎండకి పగలకుండా నెల్లిమర్ల జనపనార మిల్లు గోనెలు తడిపి కప్పాం. నిలపవచ్చునని రాసి, తాళం తీయించాను.

ఆ డిసెంబరులో అటు వెళ్లాను. సున్నాలు వేస్తున్నారు. రూతమ్మ నిచ్చెన కింద నిలబడి, ఒక్క కన్నం మీదా కుంచె పడనివ్వడం లేదు. లోపల ప్రభువు బల్ల మీద పాత దుప్పటి కప్పి ఉంది. తల ఎత్తి చూస్తే, తలుపులోంచి వచ్చిన పిచ్చుకలు నా రాతి దిమ్మల మీదే గూళ్లు పెట్టాయి. "ఉండనీ బాబూ, ఆరాధనకి ముందు దుప్పటి తీసీస్తాను," అంది.

ఆ తర్వాత ఏ పాత కట్టడానికి వెళ్లినా, పగుళ్లు కొలిచే ముందు గాలి దారి వెతికేవాణ్ని. దానివల్ల పడగొట్టకుండా మిగిలినవి కొన్ని ఉన్నాయి. ఆ లెక్క మా ఇంజనీరు గారి ఖాతాలోదే.