అలాయ్‌బలాయ్, నా టీ సెల్స్

మా ముత్తాత నారాయణఖేడ్ చుట్టూ పన్నెండు ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాత గుర్రం కనబడితే కల్హేర్ అంగడి లేచి నిలబడేది. మా నాన్న పేరు చెబితే బస్సు ఆగేది. నేను చెయ్యెత్తినా ఆగదు.

నిరుడు ఎండాకాలం ఒక పొద్దున జొన్నరొట్టె నమలలేకపోయాను. నోరంతా పుండ్లు. నా భార్య సుశీల వేసే కారం వల్లే అన్నాను. ఆమె కారం మానేసింది, పుండ్లు తగ్గలేదు. తర్వాత జ్వరం పట్టుకుంది. ఇక్కడి డాక్టర్ రక్తపరీక్ష చూసి, "పటేల్ సాబ్, రోగంతోని కొట్లాడే తెల్లకణాలు, న్యూట్రోఫిల్స్, మస్తు తక్కువున్నయ్. జల్దీ హైదరాబాద్ పోండ్రి" అన్నాడు.

అక్కడ ఫ్లో సైటోమెట్రీ అని రక్తకణాల పరీక్ష, ఆపైన బోన్ మ్యారో పరీక్ష చేశారు. నడుము ఎముకలోకి సూది దించుతూ "నొప్పైతే అరవండి" అంది నర్సు. మా ఇంటి మగవాళ్లు అరవరు. ఆ అరుపు కింద క్యాంటీన్ దాకా వినిపించిందని సుశీల అంటుంది. ఈ విషయంలో మాకు ఏకాభిప్రాయం లేదు.

రిపోర్టులు చూసి హెమటాలజిస్ట్ మేడమ్ చెప్పింది: "టీ సెల్స్ అనే తెల్లకణాలు ఇన్ఫెక్షన్‌తో పోరాడాలి, పనయ్యాక పోవాలి. మీలో ఒకే ఒక్క సెల్ సంతానం పెరిగిపోయి, కదలకుండా కూర్చుంది. పైగా పనిచేసే న్యూట్రోఫిల్స్‌ను దెబ్బతీస్తోంది. లార్జ్ గ్రాన్యులర్ లింఫోసైటిక్ లుకేమియా అంటారు, ఒక రకం బ్లడ్ క్యాన్సర్. చాలా అరుదు."

అరుదు అన్న మాట నాకు కొంత తృప్తినిచ్చింది. సుశీల మాత్రం, "పని చెయ్యరు, జాగ ఇడువరు, చేసేటోళ్లను బతకనియ్యరు. గీ ఖాందాన్‌ను పెండ్లినాటి సంది చూస్తున్న మేడమ్" అంది. మేడమ్ రిపోర్టు మొహానికి అడ్డం పెట్టుకుంది.

వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోమని మెథోట్రెక్సేట్ రాసింది. అది పనిచేయడానికి నెలలు పడుతుందని, అందాకా గుంపుల్లోకి పోవద్దని, ఎవరినీ హత్తుకోవద్దని చెప్పింది.

ఇంతలో దసరా వచ్చింది. ఆ రోజు జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్‌బలాయ్ అంటూ కౌగిలించుకోవడానికి జనం ముందు మా ఇంటికే వస్తారు. వచ్చేవాళ్లు ఏటేటా తగ్గుతున్నారు. ఒక్కసారి వద్దంటే ఇక ఎవరూ రారని నా భయం.

"మాస్క్ పెట్టుకోండ్రి, దూరంకెల్లి దండం పెట్టుండ్రి" అంది సుశీల.

పట్టు తలపాగా కింద మాస్కా? ఛాతీ విరిచి వాకిట్లో నిలబడ్డాను. మా పాత కౌలుదారు సాయిలు దగ్గుకుంటూ వచ్చి, "సర్దయింది పటేలా, దూరముంట" అన్నాడు. నేనే లాగి కౌగిలించుకున్నాను.

రెండు రోజులకే నూటమూడు జ్వరంతో ఐసీయూలో పడ్డాను. "ఈయన మీద ఎవరైనా దగ్గారా?" అని మేడమ్ అడిగింది.

"ఎవ్వలు దగ్గలే. ఈయననే ఎదురువోయి తెచ్చుకుండు" అంది సుశీల.

సెప్సిస్ అని, ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకిందని తేలాక ఆమె నా కాళ్ల దగ్గర కూర్చుంది. ఒక్క ఎత్తిపొడుపు మాట కూడా అనలేదు. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

బతికాను. మెల్లగా మందు పట్టింది, కౌంట్స్ పెరిగాయి. ఈ దసరాకు మాస్క్ పెట్టుకుని కుర్చీలో కూర్చుని, జమ్మి పళ్లెంలో వేయమన్నాను. నిరుటికంటే ఎక్కువమందే వచ్చారు. కారణం సాయిలు చెప్పాడు: "నువ్వు పట్టుకుంటే బొక్కలిరుగుతుండె పటేలా. గిప్పుడు పానం సల్లగున్నది."

న్యూట్రోఫిల్స్ తక్కువగా ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఇంట్లో థర్మామీటర్ ఉంచుకోండి. జ్వరం వంద దాటితే మాత్ర మింగి తెల్లారేదాకా చూడొద్దు; వెంటనే దవాఖానకు వెళ్లి, మీ కౌంట్స్ తక్కువని ముందే చెప్పండి.

ఐసీయూ ఖర్చుకు, ముత్తాత నాటి భూముల్లో నాగల్‌గిద్ద దగ్గర మిగిలిన ఒక్క కంది చేనూ అమ్మేశాం.