ఊరికే పడుకున్న వేడి మంచం

రాసుకోవే స్వాతీ, మీ మామ్మ తన సుఖాన్నంతా తన నోటితోనే తగలబెట్టుకున్న కథ. అప్పుడే నవ్వకు, అసలు నవ్వు ముందుంది.

నా మోకాళ్ళ నొప్పులు నిజమే. కాకపోతే పిక్కంత నొప్పికి కొండంత మూలిగేదాన్ని. ఆ మూలుగు పుణ్యమా అని రెండేళ్ళుగా మన తోటలో వంగి జీడిపిక్కలు ఏరే పని నాకు తప్పింది. అన్నీ మీ అమ్మే ఏరేది. నేను అరుగు మీద కాళ్ళు చాపుకుని మబ్బులు చూసేదాన్ని.

అంతలో నర్సీపట్నంలో వేడి మంచాల దుకాణం తెరిచారు. పడుకుంటే చాలు, కింద రాళ్ళు వెన్నంతా నిమురుతూ తిరుగుతాయి. ఊరికేనట! రోజూ షేర్ ఆటో ఎక్కి వెళ్ళి వాలిపోయేదాన్ని. ఆ వెచ్చదనానికి కళ్ళు మూతపడేవి. ఎండకు కాగిన తాండవ కాలువలో వెల్లకిలా తేలుతున్నట్టు, కొయ్యూరు కొండల మీది మబ్బొకటి దిగొచ్చి నన్ను పక్కలో వేసుకున్నట్టు... ఏం కలలే అవి! ఆవిరికుడుములా మెత్తబడి లేచేదాన్ని.

ఒకరోజు ఇంకా కలలో ఉండగానే, అక్కడ పనిచేసే అమ్మాయి నా నోటి దగ్గర మైకు పెట్టింది.

“మామ్మగారూ, ఎలాగుందో రెండు ముక్కలు సెప్పండి.”

“ఏటి సెప్పమంతావే తల్లీ?”

“మోకాళ్ళ గురించండీ. ఇన్నాళ్ళూ ఊరికే పడుకున్నారు కదా!”

ఆ మాటతో మొహమాటం ముంచుకొచ్చింది. ఊరికే పడుకున్నందుకు ఒక్క మంచిమాటైనా చెప్పొద్దూ? సగం నిద్రలోనే లేచి నిలబడ్డాను.

“నొప్పా? ఏ నొప్పీ లేదు! వంగుతాను, లెగుస్తాను, సెట్టెక్కమన్నా ఎక్కీగల్ను!”

అక్కడితో ఆగానా? నాలుగు గుంజీలు కూడా తీశాను. చుట్టూ చప్పట్లు, నా చెవికి వాన చినుకుల్లా. ఆ అమ్మాయి అదంతా ఫోనులో తీస్తోందని నాకేం తెలుసు?

నేను ఇంటికి చేరేలోపే ఆ వీడియో ఊళ్ళో అందరి ఫోన్లకీ చేరింది. మీ అమ్మ గుమ్మంలో నిలబడి అదే చూస్తోంది.

“ఏటత్తా, సెట్టు కూడా ఎక్కీగల్రా?”

“అదీ... నిద్దట్లో అన్నానే.”

“గుంజీలు కూడా నిద్దట్లోనే తీసీసినారా?”

నేను మోకాలు పట్టుకుని మూలగబోయాను. మీ అమ్మ మూలగనిస్తేగా!

“రేపు బేగి లెగండి. పిక్కలు మీరేరండి. నేనెళ్ళి ఆ మంచం మీద పడుకుంతాను. ఊరికేనంట కదా!”

మర్నాడు పొద్దున్నే నేను తోటలో నడుం వంచుతుంటే, మీ అమ్మ జడేసుకుని షేర్ ఆటో ఎక్కింది.

ఆ జీడిచెట్ల సాక్షిగా అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను: ఊరికే ఎక్కడ పడుకోమన్నా పడుకుంటాను. లేపి, ఎలాగుందని అడిగితే మాత్రం, ప్రాణం పోయినా సరే, బాగుందని చెప్పను!