గిలక ఆగే చోటు

ఆ ఏడు నవంబరు పదకొండో తేదీ, మంగళవారం. మూడు రోజులుగా పట్టిన ముసురు మధ్యాహ్నానికి వెలిసింది కాని, ఆకాశం తెరిపి ఇవ్వలేదు. నాలుగున్నరకే వీధిలో మసక కమ్మింది. ఎండ లేని పగటికీ దీపం లేని సాయంత్రానికీ నడుమ ఒక వేళ ఉంటుంది. అప్పుడు మనుషుల ముఖాలు తెలుస్తాయి, ముఖాల్లోని భావం తెలియదు. సరిగ్గా ఆ వేళకు, చేత తడి ఆరని గొడుగుతో, భుజాన గుడ్డసంచితో కొలతలమ్మ గడియారాల మేస్త్రి ఇంటి మెట్లెక్కింది.

కొలతలమ్మ అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. మందుల దుకాణంలో ఇరవై ఎనిమిదేళ్ళు పొడులు తూచి పొట్లాలు కట్టిన మనిషి. ఆ ఉద్యోగం మానేసినా త్రాసు ఆమెను మానలేదు. ఇంట్లో లాబ్రడార్ కుక్కల్ని పెంచి, పుట్టిన పిల్లల్ని కుటుంబాలకు అప్పగించేది. కాన్పయిన గంట నుంచీ ప్రతి పిల్లనూ పొద్దునా సాయంత్రమూ తూచి పుస్తకంలో రాసేది. ఏ పిల్ల ఏదో తెలియడానికి మెడలకు రంగురంగుల ఊలుదారాలు కట్టేది. తల్లిదండ్రుల రక్తం పరీక్షకు పంపకుండా జత కలిపేది కాదు. పిల్లను కోరినవాళ్ళ ఇంటికి ముందు తానే వెళ్ళి గదులు చూసేది, ఇంటిల్లిపాదినీ ప్రశ్నలు అడిగేది.

"నా పెళ్ళప్పుడు మా మామగారు కూడా ఇన్ని ప్రశ్నలు వెయ్యలేదండీ" అన్నాడొక బ్యాంకు గుమాస్తా.

"అందుకే మీ ఆవిడ ఇప్పుడు బాధపడుతోంది" అని, ఆమె తరవాతి ప్రశ్నకు వెళ్ళిపోయింది.

ఏ కారణం చేతనైనా పెంచలేని స్థితి వస్తే కుక్క మళ్ళీ తన గుమ్మానికే రావాలన్న కాగితం మీద సంతకం పెట్టించుకున్నాకే పిల్ల చేతిలో పడేది. ఇంతా చేసి, "అమ్మారు" అన్న క్రియను తన గడపలోకి రానిచ్చేది కాదు. ఆమె భాషలో మరో విశేషం కూడా ఉంది. మన వ్యాకరణం జంతువుల్ని వస్తువులతో పాటు అమహద్వాచకాల్లో చేర్చింది. ఏకవచనంలో ఆడమనిషికీ ఆడకుక్కకూ క్రియ ఒక్కటే కనుక ఎవరి గుట్టూ బయటపడదు, బహువచనంలోనే పడుతుంది. లోకమంతా "కుక్కలు తిన్నాయి" అంటుంటే ఆమె "వాళ్ళు తిన్నారు" అనేది. వ్యాకరణం తెలిసినవారు నొచ్చుకోవలసిన ప్రయోగమే గాని, ఆ ఇంటికి వెళ్ళి చూసినవారెవరూ దిద్దలేకపోయారు.

ఆ మంగళవారం పొద్దున మేస్త్రి భార్య ఫోను చేసింది. మూడున్నరేళ్ళ కిందట తీసుకువెళ్ళిన గిలక అన్న కుక్కను వెంటనే వెనక్కి తీసుకోమంది. కారణం అడిగితే, "ఇక్కడ చెప్పలేనండి, వచ్చి చూడండి" అని గొంతు తగ్గించింది.

ముందుగది దుకాణం. నాలుగు గోడల నిండా గడియారాలు. ఒక్కటీ మరొకదానితో ఏకీభవించదు. ఆ టిక్కుటిక్కుల మధ్య మేస్త్రి కంటికి భూతద్దం బిగించుకుని కూర్చున్నాడు. ఆ గది వెనక సన్నటి నడవ, నడవ చివర వంటిల్లు. నడవలో గోడ వారగా ఒక చేతుల కుర్చీ, దాని పైన లోలకం ఉన్న పాత గోడగడియారం. మేస్త్రి తండ్రి ఎనిమిది నెలల కిందట ఆ కుర్చీలోనే, వార్తాపత్రిక మడిచి ఒళ్ళో పెట్టుకుని, కన్నుమూశాడు.

"రండి అక్కయ్యగారూ" అంటూ మేస్త్రి లేచి కుర్చీ జరిపాడు. ఆ ముఖంలో నిద్ర లేదు.

అతని భార్య గుమ్మంలోనే మొదలుపెట్టింది. "రోజూ ఇదే వేళండి. నడవ మొదట్లో ఆగిపోతుంది. ఒక కాలు ఎత్తి పెట్టి, ఆ కుర్చీ వంకే చూసి గుర్రుమంటుంది. ఎంత పిలిచినా రాదు. దీపం వేస్తే మామూలుగా వచ్చేస్తుంది. అంటే ఏంటి? దీపం వెయ్యగానే ఆ ఉన్నదేదో పోతోందన్నమాటేగా!"

"ఉన్నదేదో ఏమిటే, మీ మామగారు" అంది లోపలినుంచి ముసలావిడ. మేస్త్రి తల్లికి డెబ్బై ఆరేళ్ళు. వంటింటి గుమ్మంలో పీట వేసుకుని, ఎదురుగా ఉన్న కుర్చీకేసి చూస్తూ కూర్చుని ఉంది. "ఉన్నన్నాళ్ళూ ఆయనంటే నీకు భయం లేదు. ఇప్పుడెందుకొచ్చిందీ?"

"ఉన్నన్నాళ్ళూ కనబడేవారు కాబట్టి, అత్తయ్యా!"

"చూశారా" అన్నాడు మేస్త్రి, కొలతలమ్మతో. "కుక్కను పంపకపోతే నేను పుట్టింటికి పోతానని ఈవిడ. కుక్కను పంపితే నేను అన్నం మానేస్తానని ఆవిడ. నేనెక్కడికి పోవాలో ఎవరూ చెప్పరు."

"దీపం తీసెయ్యండి" అంది కొలతలమ్మ.

మసక గదిలోకి జారింది. పెరటివైపునుంచి చుట్టు తిరిగి గిలక వచ్చింది. కొలతలమ్మ వాసన తగలగానే తోక ఊపింది, చేతులు నాకింది. ముసలావిడ వంటింట్లోనుంచి "గిలకా, రా తల్లీ" అని పిలిచింది. గిలక నడవ మొదటికి వెళ్ళి, అక్కడ గీత గీసినట్టు ఆగింది. కుడికాలు గాలిలో నిలిచిపోయింది. మెడమీది వెంట్రుకలు లేచాయి. గొంతులోనుంచి, చాలా కిందనుంచి, సన్నటి గుర్రు వచ్చింది. చూపు కుర్చీమీద నిలిచి ఉంది.

"వచ్చారు" అంది ముసలావిడ నెమ్మదిగా. ఆ మాట భయపడి అన్నది కాదు. కాఫీ వేళకు ఇంటికి చేరిన మనిషిని గురించి అన్నట్టుగా అంది.

ఎన్నో ఇళ్ళకు పిల్లల్నిచ్చిన కొలతలమ్మ ఆ కుర్చీకేసే చూసింది. కుర్చీ ఖాళీగానే ఉంది. కాని ఆ ఖాళీ ఎవరో కాసేపు లేచి వెళ్ళినప్పటి ఖాళీలా ఉంది. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది కూడా. అప్పుడే గిలక ఆమె వైపు తల తిప్పింది. వీధిలో ఎక్కడో వెలిగిన దీపం ఆ కళ్ళలో పడింది. రెండు కళ్ళూ తోమిన రాగి పళ్ళేల్లా మెరిశాయి.

కుక్క కళ్ళు చీకట్లో మెరవడం వింత కాదు. ఎంత మెరవాలో అంతకంటే ఎక్కువ మెరవడమే వింత. కొలత తెలిసిన మనిషి కనుక ఆమెకది తగిలింది. తగలగానే, కుర్చీలో ఏముందో అన్న ఆలోచన పోయి, ఈ కుక్క పుట్టుక వెనక ఉన్నదేమిటో గుర్తుకు వచ్చింది.

సంచిలోంచి దూది తీసి ఉండ చేసింది. దీపం వేయించి, గిలక కళ్ళ ముందు దూదిని జారవిడిచింది. శబ్దం లేకుండా రాలుతున్న దూదిని గిలక తల వంచి చూసింది. దీపం తీయించి మళ్ళీ విడిచింది. దూది ముక్కుకు జానెడు దూరంలో రాలిపోయింది. గిలక చూపు కదలలేదు. మూడోసారి, నాలుగోసారి కూడా కదలలేదు. చేత్తో తడిమితే, దేనికో కొట్టుకున్నట్టు, ముక్కు మీద మానీమానని గీత ఒకటి తగిలింది. నేలకు వంగి చూస్తే, కుర్చీ కాళ్ళు ఏళ్ళ తరబడి నిలిచిన గుర్తులు ఒకచోట ఉన్నాయి, కాళ్ళు మరొకచోట ఉన్నాయి. ఎడం జానెడు.

"కుర్చీ జరిపారా, పిన్నిగారూ?"

"సాయంత్రాలు కాస్త ముందుకు లాగి పెడతానమ్మాయ్. ఆయనకు కూర్చోడానికి వీలుగా" అంది ముసలావిడ.

ఇక అనుమానించడానికి ఏమీ మిగల్లేదు. కొలతలమ్మకు ఆరేళ్ళ కిందటి ఒక ఉదయం కళ్ళకు కట్టింది. గిలక తల్లి గవ్వ అప్పటికి మూడు వారాల పిల్ల. ఆ కాన్పులోని ఆడపిల్లల రక్తం పరీక్షకు వెళ్ళింది. ఎర్రదారం పిల్ల శుభ్రమని, పసుపుదారం పిల్లలో చూపుదోషం దాగి ఉందని జవాబు వచ్చింది. ఆ దోషం ఒక్కవైపునుంచే వస్తే దాగి ఉంటుంది, బాధించదు. తల్లినుంచీ తండ్రినుంచీ రెండువైపులా వస్తేనే, బిడ్డ కళ్ళు మూడు నాలుగేళ్ళకు మెల్లగా ఆరిపోతాయి. మొదట మసకవేళ, ఆ తరవాత పగలు. అలా ఆరిపోయే కళ్ళే చీకట్లో అతిగా మెరుస్తాయి. కనుక ఎర్రదారం పిల్లను కాన్పులకు ఉంచుకోవాలి, పసుపుదారం పిల్లను కాన్పులు లేకుండా ఆపరేషన్ చేయించి పెంపకానికి ఇవ్వాలి. జవాబు వచ్చిన మర్నాడు పొద్దున చూస్తే, తల్లికుక్క నాకి నాకి రెండు దారాలూ ఊడదీసి కాన్పు పెట్టెలో పడేసింది. పిల్లలిద్దరూ ఒకే పోత. కొలతలమ్మ కంగారుపడలేదు. ఇద్దర్నీ తూచి, ముందురోజు బరువులతో సరిచూసి, దారాలు మళ్ళీ కట్టింది. తేడా ఇరవై గ్రాములు. ఆ ఇద్దరిలో ఒకతె అప్పుడే పాలు తాగి ఉందేమో అన్న అనుమానం ఆమెకు అప్పుడే వచ్చింది. మళ్ళీ పరీక్షకు పంపితే నెల పడుతుంది. ఇరవై ఎనిమిదేళ్ళలో తన త్రాసు తప్పింది లేదు. అలా ఎర్రదారం కట్టించుకున్న పిల్లే గవ్వ. తల్లి శుభ్రమైతే చాలన్న ధీమాతో, దోషం దాచుకున్నదని తెలిసిన మగకుక్కనే, మంచి గుణం చూసి, గవ్వకు జత చేసింది. మూడు కాన్పులకూ అదే జత. మూడో కాన్పులోని ఆరుగురు పిల్లలు ఇప్పుడు ఏడువారాల వాళ్ళు. వచ్చే ఆదివారం ఆరిళ్ళకు వెళ్ళవలసినవాళ్ళు.

"తీసుకెళ్తారు కదూ?" అంది మేస్త్రి భార్య.

తీసుకువెళ్ళవచ్చు. ఇంట్లో ఏదో ఉందని వీళ్ళు నమ్ముతున్నారు, నమ్మనిస్తే చాలు. కాగితంలో రాసిన మాట ప్రకారం కుక్క వెనక్కి వస్తుంది, ఆదివారం ఆదివారంలాగే గడిచిపోతుంది, కొలతలమ్మ పేరు కొలతలమ్మగానే ఉంటుంది. నోరు తెరిచి "తీసుకెళ్తాను" అనడానికి ఎంతసేపు? గిలక వచ్చి, ఆమె కాలికి వీపు ఆనించి నిలబడింది.

"ఈ ఇంట్లో ఏమీ లేదమ్మా" అంది చివరకు. "దీనికి మసకలో చూపు పోయింది. ఇంకొన్నాళ్ళకు పగలు కూడా పోతుంది. తప్పు నాది." దారాల సంగతి, ఇరవై గ్రాముల సంగతి, ఏదీ దాచకుండా చెప్పింది.

మేస్త్రి వంగి గిలక తల నిమిరాడు.

"అయితే ఆయన రాలేదన్నమాట" అంది ముసలావిడ.

మేస్త్రి భార్య వెళ్ళి అత్తగారి పక్కన నేలమీద కూర్చుంది. కాసేపటికి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఎప్పట్నుంచి ఆగుతోంది?" అని అడిగింది కొలతలమ్మ, అడగడానికి మరేమీ తోచక.

"నాన్న పోయిన రెండో వారంనుంచి" అన్నాడు మేస్త్రి.

చూపు ఒక వారంలో పోదు. మరి ఆగడం సరిగ్గా ఆ వారమే ఎందుకు మొదలైంది? కొలతలమ్మ నడవ మొదట్లో, గిలక ఆగే చోటే నిలబడి కళ్ళు మూసుకుంది. వెంట వచ్చిన గిలక ఆమె పక్కనే మళ్ళీ కాలెత్తి ఆగింది. వెనక దుకాణంలో వంద గడియారాలు. ముందు ఏ చప్పుడూ లేదు. అడుగు వేస్తే పడిపోయే గోతిలా ఉంది ఆ నిశ్శబ్దం. కళ్ళు తెరిచి గోడకేసి చూసింది. లోలకం కదలడం లేదు.

"ఇదెందుకు ఆగింది?"

మేస్త్రి తల దించుకున్నాడు. "నాన్న రోజూ ఈ వేళకే కీ ఇచ్చేవారు. ఆయన పోయాక నేను ముట్టుకోలేదు. ఊళ్ళో అందరి గడియారాలూ బాగుచేస్తాను కాని..."

ముసలావిడ లేచింది. కుర్చీని పాత గుర్తుల్లోకి నెట్టి, కొంగుకు కట్టుకున్న తాళంచెవుల గుత్తిలోంచి సన్నటి కీ ఒకటి తీసింది. ఎనిమిది నెలలుగా అది ఆవిడ కొంగునే ఉందని కొడుక్కు కూడా తెలియదు. కిర్రుకిర్రుమని పది చుట్లు తిప్పి, లోలకాన్ని వేలితో తాకింది. నడవ మధ్య గడియారం గుండెలా కొట్టుకోవడం మొదలుపెట్టింది.

గిలక చెవులు నిక్కాయి. గాలిలో ఉన్న కాలు నేలకు దిగింది. గుర్రు లేదు. ఒక్కొక్క అడుగే వేసుకుంటూ ఆ చప్పుడు దాకా వచ్చింది. వంటింట్లోకి పోలేదు. ఖాళీ కుర్చీ పక్కన ఆగి, తల కిందికి వంచి, కళ్ళు మూసుకుని, ఎవరో నిమురుతుంటే నిలబడ్డట్టు చాలాసేపు నిలబడింది. తోక మెల్లగా ఊగుతూనే ఉంది. దీపం వెయ్యమని ఎవరూ అనలేదు.

గిలక ఆ ఇంట్లోనే ఉండిపోయింది. కొలతలమ్మ మర్నాటినుంచి, గవ్వ మొదటి రెండు కాన్పుల పిల్లలు చేరిన మిగిలిన పది ఇళ్ళకూ నడిచి వెళ్ళి, దారాల కథ పదిసార్లు చెప్పింది. ఒకచోట మంచినీళ్ళిచ్చారు, ఒకచోట తలుపు మొహాన వేశారు. గవ్వకు మళ్ళీ పరీక్ష చేయించింది. అనుమానం నిజమే అయింది. అక్కచెల్లెళ్ళ దారాలు మారాయి. ఆదివారం ఆరుగురు పిల్లల్లో ఒక్కరూ గుమ్మం దాటలేదు. నెల తరవాత పరీక్షలు వచ్చాక నలుగురు వెళ్ళారు, రెండువైపులా దోషం వచ్చిన ఇద్దరు ఉండిపోయారు. పాత ఇళ్ళనుంచి మరొకతె, చూపు పోయాక, కాగితంలోని మాట ప్రకారం తిరిగి వచ్చింది. ఆ తరవాత కొలతలమ్మ ఇంట కాన్పు లేదు.

ఏడేళ్ళు గడిచాక మేస్త్రి రాసిన ఉత్తరానికి ఆమె పంపిన జవాబు ఇది:

"చిరంజీవి మేస్త్రికి,

గిలక పోయిందని రాశావు. పదేళ్ళు దాటి బతికింది, మీ చేతుల్లో పోయింది. నేను చేసిన తప్పును మీ ఇల్లు మోసింది. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా నాకు తక్కువే.

అమ్మగారు ఇప్పటికీ సాయంత్రం గడియారానికి కీ ఇస్తున్నారని, ఇచ్చిన కాసేపటికి నడవలో గోళ్ళ చప్పుడు నీకూ వినబడుతోందని, ఇది మానిపించాలా అని అడిగావు. అందరికీ లెక్కలు చెప్పిన దాన్ని కదా అని నన్ను అడిగావు గాని, దీన్ని తూచే త్రాసు నా దగ్గర లేదు నాయనా.

ఒక్కటి చెప్తాను. మా ఇంట్లో కాన్పు పెట్టె ఉండే చోటు నీకు తెలుసు. దాన్ని తీసేసి ఆరేళ్ళయింది. ఇక్కడున్న ముగ్గురికీ చూపు లేదు. గదిలో అంత ఖాళీ ఉన్నా, వాళ్ళు ఇవాళ్టికీ ఆ పెట్టె చుట్టూ తిరిగే వెళ్తారు. గవ్వ పోయిన రోజునుంచి, ఆ చోటు దగ్గరికి వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి, తోక ఊపి మరీ వెళ్తారు. నేనూ దీపం వెయ్యడం మానేశాను. నేనూ చుట్టూ తిరిగే వెళ్తున్నాను.

కీ ఇవ్వడం మానిపించకు. కుర్చీ కాళ్ళు గుర్తుల్లోనే ఉన్నాయో లేదో చూడు. నడవలో అడ్డంగా ఏమీ పెట్టకండి.

ఇట్లు,
అక్కయ్య."