కన్నాలు మూసిన మేస్త్రీ

పైకప్పులు బాగుచేసే మేస్త్రీలలో రెండు రకాలు. కారే ఇంటిని కారకుండా చేసేవాళ్ళు మొదటి రకం. కారడాన్ని వంటింట్లోంచి పడగ్గదిలోకి మార్చి చేతులు దులుపుకుని పోయేవాళ్ళు రెండో రకం. మన మేస్త్రీ మొదటి రకం. ఈ మాట ఊళ్ళో అందరూ అనేవారు. అందరికంటే ముందు ఆయనే అనేవాడు.

ఆయన్ను 'ఒక్కసారి మేస్త్రీ' అని పిలిచేవారు. ఆయన ఒకసారి ఎక్కి దిగిన కప్పుకు మళ్ళీ నిచ్చెన వెయ్యక్కర్లేదని దాని అర్థం. అమ్మానాన్నలు పెట్టిన పేరు కూడా ఒకటి ఉండేది కానీ, వాడక దానికి తుప్పు పట్టింది. ఎవరైనా పొరపాటున ఆ పేరుతో పిలిస్తే మేస్త్రీ పక్కకు తప్పుకుని, తన వెనక ఎవరున్నారా అని చూసేవాడు.

ఆయనకు పని నేర్పింది మేనమామ. ఆ మేనమామకు తెలిసిన సూత్రం ఒక్కటే: "కన్నం కనపడితే మూసెయ్యరా అల్లుడూ. అదెందుకుందని అడక్కు. మంచి బుద్ధితో పుట్టిన కన్నం లోకంలో లేదు." మేనల్లుడు ఆ మాటను జన్మలో జవదాటలేదు. పెంకు పగిలితే మూశాడు. చూరు కింద సందుంటే మూశాడు. పిట్ట ముక్కు దూరేంత జాగా కనపడినా ఆ రోజు ఆయనకు ముద్ద దిగేది కాదు. మూసిన ప్రతిచోటా పచ్చి సిమెంటు మీద బొటనవేలు గట్టిగా అదిమేవాడు. బొమ్మలు గీసేవాళ్ళు మూల సంతకం పెట్టుకోరూ, అలాగన్నమాట.

నలభై దాటాక మేస్త్రీకి పొట్ట వచ్చింది. పొట్ట రావడం నేరం కాదు, కానీ ఇళ్ళలో అటకకు వెళ్ళే చెక్క తలుపులు ఆయనతోపాటు పెరగలేదు. పెంకుల కప్పుకూ గదుల మీది చెక్క సీలింగుకూ మధ్య ఉండే ఆ చీకటి చోటులోకి ఆయన తల పెట్టి పన్నెండేళ్ళయింది. పైనుంచి చూసి, పైనుంచి మూసి, పైనుంచే దిగిపోయేవాడు. లోపలి సంగతి లోపలున్న ఎలుకలకు వదిలేశాడు.

ఇలా సాఫీగా సాగిపోతున్న మనిషికి టీచరుగారి ఇల్లు తగిలింది.

టీచరుగారు రిటైరై పదిహేనేళ్ళయినా ఎదుటివాళ్ళను నిలబెట్టి ప్రశ్నలడిగే అలవాటు మానలేదు. నాలుగో తరగతిలో మేస్త్రీకి లెక్కలు చెప్పింది ఆవిడే. అంచేత యాభై దాటిన ఈ మనిషి ఆవిడ గుమ్మంలోకి రాగానే చేతులు కట్టుకుని, వీపు గోడకు ఆనించి నిలబడేవాడు. రెండేళ్ళ క్రితం ఆవిడ ఇంటి కప్పు ఆయనే బాగుచేశాడు. ఆ తరువాత వచ్చిన చలికాలం నుంచి హాల్లో సీలింగు మీదినుంచి చుక్కలు పడటం మొదలైంది. గోడల మీద నల్లటి బూజు లేచింది. టీచరుగారి పుస్తకాలు తడి పీల్చుకుని లావెక్కాయి. ఆవిడ కబురు పెట్టింది, మేస్త్రీ వచ్చాడు, మూశాడు, పోయాడు. చుక్కలు మాత్రం పోలేదు. మళ్ళీ కబురు. మళ్ళీ మూత. ఈ చలికాలం మధ్యకొచ్చేసరికి ఆయన ఆ ఇంటికి నిచ్చెన మోయడం అయిదోసారి. వీధిలో ఒకరిద్దరు ఆయన్ను చూసి, "ఏంటి మేస్త్రీ, వారం వారం దర్శనమిస్తున్నావ్?" అని నవ్వారు కూడా. ఆ నవ్వు ఆయన గుండెల్లో ముల్లులా దిగింది. 'ఒక్కసారి మేస్త్రీ' అన్న పేరు పోతే ఆయన దగ్గర మిగిలేది పొట్టా, నిచ్చెనే.

"వాన ఏటవాలుగా కొడుతోందండి" అన్నాడు గోడకు ఆనుకుని.

"పది రోజులుగా వానే లేదురా."

"అయితే పిల్లులండి. రాత్రిళ్ళు నడిచి పెంకులు కదిలిస్తున్నాయి."

టీచరుగారు ఒక నోటుబుక్కు తెరిచింది. నిలువు గీతలు, అడ్డ గీతలు, అంకెలు. "విను. సోమవారం, ఎండ, నలభై రెండు చుక్కలు. మంగళవారం, ఎండ, ముప్పై తొమ్మిది. అన్నీ పొద్దున తొమ్మిది నుంచి పదకొండు లోపే. నీ పిల్లికి టైంటేబుల్ ఉందా?"

మేస్త్రీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం కదా, "ఎక్కడో కన్నం ఉందండి" అన్నాడు.

"ఉంటే లోపల్నుంచి వెతుకు. ఈసారి అటకలోకి ఎక్కాల్సిందే. లేదంటే మీ బావమరిదిని పిలుస్తాను. వాడు సన్నగా ఉంటాడు."

బావమరిది అంటే మేస్త్రీ భార్యకు తమ్ముడు. ఈ మధ్యనే సొంతంగా కప్పుల పని మొదలుపెట్టాడు. ఆ మాటతో మేస్త్రీ చెప్పులు విడిచి, నిచ్చెన తెచ్చి స్నానాలగది ముందున్న అటక తలుపు కింద వేశాడు. పలక పక్కకు నెట్టి తల దూర్చాడు. తల పట్టింది. భుజాలు కొంచెం వాదించి పట్టాయి. పొట్ట దగ్గర మాత్రం వ్యవహారం ఆగిపోయింది. బలంగా ఒక తోపు తోశాడు. ఆ తోపుకు కింద నిచ్చెన జారి పడిపోయింది.

ఇప్పుడు పరిస్థితి ఏమిటంటే, మేస్త్రీ సగం అటకలో ఉన్నాడు, మిగతా సగం నడవలో వేలాడుతోంది. పైకి పోలేడు, కిందికి రాలేడు.

"కంగారుపడకు, మీ ఆవిడకు ఫోన్ చేస్తాను" అని టీచరుగారు ఒక బల్ల ఈడ్చుకొచ్చి ఆ పాదాల కింద పెట్టింది. "ఎలాగూ పైన ఉన్నావు కదా, ఆ కన్నమేదో చూడు."

సరిగ్గా అప్పుడు తొమ్మిదయింది. తొమ్మిదికి టీచరుగారి భర్త స్నానానికి వెళతాడు. వీధి మొత్తం తాతగారు అని పిలిచే ఆ పెద్దమనిషి పొగలు కక్కే వేణ్ణీళ్ళతో గంటసేపు స్నానం చేస్తాడు, చేస్తూ పాడతాడు. పాడేది ఒక్కటే పాట, అందులోనూ మొదటి చరణంలో సగం. మిగతా సగం మరిచిపోయి ముప్పై ఏళ్ళయింది. వేణ్ణీళ్ళు తగిలితే గుర్తొస్తుందని ఆయన ఆశ. నడవలో ఒక మనిషి వేలాడుతున్నాడని ఆయన స్నానం మానలేదు. ఆ కాళ్ళను మర్యాదగా పక్కకు జరిపి, లోపలికి వెళ్ళి, ఫ్యాను వేసుకుని గొంతు సవరించుకున్నాడు.

పైన చీకట్లో మేస్త్రీ చేతిలైటు వెలిగించాడు. ముందు వాసాలు చూశాడు. పెంకుల కింద ప్రతి వాసానికీ వరసగా నీటి బొట్లు వేలాడుతున్నాయి. ఒకటి టప్పున ఆయన బట్టతల మీద పడింది. పెంకుల్లో ఎక్కడా వెలుగు రావడం లేదు, అంటే కన్నం లేదు. మరి నీళ్ళెక్కణ్ణుంచి? ఇంతలో మూరెడు దూరంలో ఏదో గుర్రుమంది. మరుక్షణం వేడి ఆవిరి ఆయన ముఖం మీద గుప్పుమని కొట్టింది. ఒక రేకు గొట్టం. స్నానాలగది ఫ్యాను పీల్చిన ఆవిరినంతా అది తెచ్చి అటకలో కుమ్మరిస్తోంది. తాతగారి పాట కూడా గొట్టంలోంచి స్పష్టంగా వినిపిస్తోంది.

'ఎవడీ తెలివితక్కువ దద్దమ్మ, గొట్టాన్ని బయటికి వదలకుండా లోపల వదిలింది?' అనుకుంటూ మేస్త్రీ లైటు పైకెత్తాడు. గొట్టం మూతికి సూటిగా పైన, కప్పులో, పళ్ళెమంత గుండ్రటి సిమెంటు మూత కనపడింది. అంచులు నున్నగా, కొలిచి గీసినట్టుగా ఉన్నాయి. అలా మూసే మేస్త్రీ ఆ ఊళ్ళో ఒక్కడే.

ఆయనకు అంతా గుర్తొచ్చింది. రెండేళ్ళ క్రితం కప్పు మీద ఒక గొట్టం మూతి పైకి పొడుచుకొచ్చి ఉంటే, చీదరించుకుని, లోపలికి కుక్కి, తానే మూసేశాడు. చూరు పొడుగునా ఇల్లు కట్టినవాళ్ళు వదిలిన సందులుంటే అవీ మూశాడు. అప్పటిదాకా ఏమాత్రం తడి చేరినా ఆ సందుల్లోంచి వచ్చిపోయే గాలి దాన్ని ఎత్తుకుపోయేది. ఆ దారులు రెండూ తన చేతుల్తోనే మూసి, అయిదుసార్లొచ్చి, వాననూ పిల్లినీ తిట్టి పోయాడు. మేస్త్రీకి నిజంగా ఏడుపొచ్చింది.

"ఏరా, ఏమైనా కనపడిందా?" కిందినుంచి టీచరుగారి గొంతు.

పేరు పోతుందన్న భయం మనిషి చేత ఏమైనా అనిపిస్తుంది. "పావురాలండి" అన్నాడు. "పావురాలు గూడు పెట్టి పెంకులు జరిపాయి."

మేస్త్రీ భార్య అప్పుడే ఆయాసపడుతూ లోపలికి వచ్చింది. భర్తలో తనకు అందిన భాగాన్ని తేరిపార చూసింది. "టీచరుగారూ, అబద్ధమండి" అంది. "ఆ కుడికాలి బొటనవేలు చూడండి, ఎలా లేచి నిలబడిందో. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళుగా చూస్తున్నాను, నిజం చెప్పేటప్పుడు ఏనాడూ లేవలేదది."

ముగ్గురూ ఆ వేలిని చూశారు. మూడోవాడు తాతగారు, స్నానం మధ్యలో తువ్వాలు చుట్టుకుని వచ్చి చూశాడు. వేలు సిగ్గుపడి ముడుచుకుంది.

"ఏమండీ, చెప్పండి. ఇక్కడందరం మనవాళ్ళమేగా" అంది భార్య కాస్త మెత్తగా.

సీలింగులోంచి మాట వచ్చింది. "గొట్టం నేనే మూశానండి. గాలి సందులు కూడా నేనే మూశాను. ఇది వాన కాదు, తాతగారి స్నానం."

టీచరుగారు ఇంతకాలం ఎదురుచూసిన జవాబు అది. "చల్లటి అద్దం మీద ఊదితే ఏమవుతుంది?" అని అడిగింది.

"తడి పడుతుందండి."

"అద్దం ఏది?"

"పెంకులండి."

"ఊదేదెవరు?"

"తాతగారండి. ఆపైన వంటిల్లు, ఆరేసిన బట్టలు... ఇల్లంతానండి."

"నాలుగో తరగతిలో ఇలా చెప్పి ఉంటే బెత్తం విరిగేది కాదు" అంది టీచరుగారు.

తాతగారు సబ్బు అరగదీశాడు, భార్య చేతులకందినంత మేర పొట్టకు పూసింది, టీచరుగారు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టింది. మూడుకు మేస్త్రీ సీసాలోంచి బిరడా ఊడినట్టు ఊడి, బల్ల మీదినుంచి తాతగారి ఒళ్ళో పడ్డాడు.

మర్నాడే పని మొదలుపెట్టాడు. గొట్టాన్ని కప్పు పైకి తెచ్చి, వాన దిగకుండా టోపీ పెట్టాడు. చూరు కింద రెండువైపులా సందులు తెరిచి, పిట్టలు దూరకుండా సన్న జల్లెడ కొట్టాడు. వేడిగాలి పైకి పోతుంది కనుక కప్పు శిఖరం దగ్గర కూడా దారి వదిలాడు. అటక పలకకు చుట్టూ గుడ్డ పట్టీ అంటించాడు, ఇంట్లో ఆవిరి అసలు పైకే పోకుండా. సుత్తి పెట్టి తన మూతల్ని తానే పగలగొడుతుంటే ఒక్కో దెబ్బా తన మీదే పడుతున్నట్టుంది. వారం తిరిగేసరికి టీచరుగారి నోటుబుక్కులో వరసగా సున్నాలు పడ్డాయి.

"ఈ సంగతి మన నలుగురిలోనే ఉంటుందిలే" అంది టీచరుగారు. "నీ పేరుకేం ఢోకా లేదు, వెళ్ళు."

ఆ మాటకు మేస్త్రీ ఎగిరి గంతెయ్యాలి. వెయ్యలేదు. ఇంటికి పోతూ వీధిలో తలెత్తి చూశాడు. ఎడమవైపు చూరు కింద సిమెంటు పట్టీ, దాని మీద తన బొటనవేలి ముద్రలు వరసగా. కుడివైపూ అంతే. తరువాతి వీధిలోనూ అంతే. ఎవరూ ఆయన్ను రెండోసారి పిలవలేదంటే చెమ్మ లేదని కాదు, ఆ చెమ్మకు కారణం తాను మూసిన కప్పేనని వాళ్ళకు తెలియదని. ఇంటికెళ్ళి, చూసిందంతా భార్యకు చెప్పి, రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరిపేశాడు.

"పిలవకపోయినా వెళతారా?" అని అడిగింది భార్య.

"వెళ్తానే" అన్నాడు. ఆవిడ కిందికి వంగి ఆయన కాలివేలు చూసి, నిచ్చెన రెండోవైపు పట్టుకుని వీధిదాకా సాయం వచ్చింది.

మొదటి ఇంట్లో తలుపు తీసింది ఆ ఇంటి అత్తగారు. "మేం పిలవలేదే. మా ఇల్లు కారట్లేదు" అంది.

"కారట్లేదని తెలుసమ్మా. కానీ చెమ్మ ఉంటుంది. గోడల పైన, బీరువాల వెనక... ముక్కిపోయిన వాసన వేస్తుంది."

ఆవిడ ముఖం చిట్లించింది. "అదా. అది మా కోడలి నిర్వాకం. బట్టలు సరిగ్గా ఆరకుండానే మడతలు పెట్టి బీరువాలో తోసేస్తుంది. రెండేళ్ళుగా చెబుతూనే ఉన్నాను, వింటేనా!"

"ఆ అమ్మాయి తప్పు కాదమ్మా. రెండేళ్ళ క్రితం మీ చూరు నేను మూసేశాను. ఇంట్లో తడి బయటికి పోయే దారి లేక బట్టల్లో చేరింది."

రెండేళ్ళుగా పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి అన్న మాటలన్నీ అత్తగారి కళ్ళ ముందు వరసకట్టినట్టున్నాయి. చివరికి గొంతు తగ్గించి, "ఆ మాట దానికి నువ్వే చెప్పు నాయనా. నా నోటితో రాదు" అని గబగబా వంటింట్లోకి పోయింది.

కోడలు పెరట్లోంచి బట్టలతో వచ్చింది. ఒక్కో బట్టా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తోంది. ఆరిన బట్టనే మళ్ళీ ఎండలో వేసి, మళ్ళీ వాసన చూసుకుని, అయినా మాట పడిన మనిషి. ఆమెను చూడగానే మేస్త్రీకి అటక తలుపులో ఇరుక్కున్నప్పటికంటే ఎక్కువ సిగ్గేసింది. చేతులు కట్టుకున్నాడు.

"తప్పు మీది కాదమ్మా. కప్పు మూసిన నాది."

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తరువాత బట్టలు కుర్చీలో పడేసి, చెంగుతో ముఖం తుడుచుకుని, వంటింటి తలుపు బార్లా తెరిచి వచ్చింది.

"మళ్ళీ చెప్పండి మేస్త్రీగారూ" అంది. "ఈసారి బాగా గట్టిగా."