ఉప్పు చూడక్కా

పోయిన ఆదివారం మా మనవరాలి అత్తగారిని చూడటానికి నెల్లూరు వెళ్లాను. ఆమె రెండు నెలల క్రితం చెన్నైలో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుంది. కడుపులో చాలా భాగం కోసి తీసేస్తారట. కోస్తే గీస్తే కొవ్వును కోస్తారనుకున్నాను గాని, నిక్షేపంలాంటి కడుపును కోస్తారని నాకు తెలియదు. మాట్లాడుతూ ఉండగానే ఆమె ఫోను టింగుమంది. "ఉండండి అమ్మమ్మగారూ, తినే టైమయింది" అని లేచి వెళ్లి, చిన్న స్టీలు గిన్నెలో మెత్తటి పప్పన్నం నాలుగు చెంచాలు తెచ్చుకుని, నా ఎదురుగానే కూర్చుని నమిలి నమిలి తిన్నది. రెండు గంటలకొకసారి ఇంతే తినాలట, తింటూ నీళ్లు తాగకూడదట, తీపి జోలికి పోకూడదట. ఎందుకు, ఎలా అని అడిగే రోగం నాకు పుట్టుకతో ఉంది, ఎనభై దాటినా కుదరలేదు. వచ్చినవాళ్లంతా ఎన్ని కిలోలు తగ్గావని అడుగుతున్నారు గదా, నేను మాత్రం "ఉప్పు తెలుస్తోందా?" అని అడిగాను. ఆమె పకపకా నవ్వింది. "భలే అడిగినారే! తెలవకేం? కోసింది కడుపునే గాని నాలికను కాదు గదా. ముందుకన్నా ఇప్పుడే బాగా తెలస్తా ఉంది" అన్నది. మజ్జిగ ఇస్తే తాగి కారెక్కాను. ఇంటికి చేరేదాకా మా అక్కే కళ్ల ముందు.

అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు. మా బావగారి భార్య, నా తోడికోడలు. యాభైల చివర నేను కొడవలూరు వైపు పల్లె నుంచి ఇందుకూరుపేట పక్కనున్న ఈ ఊరికి కోడలిగా వచ్చేసరికి ఆమె వచ్చి పదేళ్లయింది. మా పుట్టింట్లో గాలికి తవుడు వాసన ఉండేది. ఇక్కడ మధ్యాహ్నం దాటితే మైపాడు వైపు నుంచి సముద్రపు గాలి తిరిగేది, ఆరేసిన చీర సాయంత్రానికి జిగటగా చేతికంటుకునేది. నాకు ఏడుపొచ్చేది. అక్క మాత్రం ఆ చీరను దులిపి మడతపెట్టి, "ఏడుస్తావెందుకమ్మే, నీ చీరకి గంజి ఖర్చు తప్పింది" అనేది. లావు మనిషి. ఆమె నడవలోంచి వస్తుంటే నేను గోడకానుకుని దారివ్వాల్సి వచ్చేది. అంత ఒళ్లూ తిండి వల్ల వచ్చిందనుకుంటే పొరపాటే, తిండి లేకపోవడం వల్ల కూడా వచ్చింది. మా ఇంట్లో మామయ్య, బావగారు, మా ఆయన చేలోంచి వచ్చి తినాలి. వాళ్లయ్యాక అత్త. అత్త అయ్యాక మేమిద్దరం. అప్పటికి మూడయ్యేది. పొద్దున్నుంచీ పస్తున్న అక్క అప్పుడు కూర్చుని, అడుగున మిగిలిన అన్నం, గిన్నెలో మిగిలిన పులుసు, పిల్లలు వదిలేసిన ముద్దలు, పారేయడానికి మనసొప్పక అన్నీ కలుపుకుని ఒక్కసారిగా తినేది. కాసేపటికి కడుపు పట్టుకుని మెలికలు తిరిగేది. అడిగితే "వాయువులేమ్మే" అని చిటికెడు తినేసోడా నీళ్లలో కలుపుకుని తాగేది. ఆ వాయువు పుండని, ఒకరోజు పెరట్లో తోటకూర కోస్తూ నెత్తురు కక్కుకుని పడిపోయినప్పుడు గాని మాకు తెలియలేదు.

నెల్లూరులో చూసి మా వల్ల కాదన్నారు. రైల్లో మద్రాసు తీసుకుపోయారు. అక్కడ పెద్దాసుపత్రిలో కడుపులో మూడింట రెండొంతులు కోసేసి, మిగిలినదాన్ని పేగుకు కలిపి కుట్టారు. నెల దాటాక తిరిగొచ్చింది. జట్కా దిగిన మనిషిని చూసి, వీళ్లు ఎవరినో తీసుకొచ్చారనుకున్నాను. మనిషి సగమైంది. జబ్బల దగ్గర చర్మం వేలాడుతోంది. గాజులు మోచేతి దాకా జారిపోతుంటే, వాటినన్నిటినీ కలిపి దారంతో మణికట్టుకు కట్టుకుంది. గాజు చేతిలోంచి జారిపోతే మొగుడికి మంచిది కాదని ఆమె భయం. తన సంగతి మాత్రం ఆలోచించలేదు.

డాక్టరు బావగారికి మూడు జాగ్రత్తలు చెప్పాడట. రెండు గంటలకొకసారి గుప్పెడు పెట్టాలి, తింటూ నీళ్లు తాగకూడదు, తీపి పెట్టకూడదు. మా బావగారు దేవుడిలాంటి మనిషే గాని, రైలు గూడూరు దాటేసరికి మూడో దాన్ని మరిచిపోయారు. దాంతో మా అత్త, కోడలు చిక్కిపోయిందని పరమాన్నం మొదలుపెట్టింది. తిన్న పావుగంటకు అక్కకు చెమటలు, గుండె దడ, కళ్లు తేలేయడం. దిష్టన్నారు. మా అత్త గుప్పెడు ఉప్పు, ఎండుమిరపకాయలు మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసేది, ఆ ఘాటుకు ఇంటిల్లిపాదీ దగ్గి చచ్చేవాళ్లం. నా రోగం నన్ను ఊరుకోనివ్వదు గదా. ఈ దిష్టి తీపి తిన్నాకే వస్తుందేమిటి, పెరుగన్నానికి ఎందుకు రాదు అని తోచింది. అత్త చూడకుండా నాలుగు రోజులు అక్క వంతు పరమాన్నం నేనే తినేసి, ఆమెకు మెత్తటి పెరుగన్నం పెట్టాను. చెమటలు లేవు, దడ లేదు. నాకు మాత్రం రవికె బిగుతైంది. విషయం చెబితే అత్త నన్ను ఎగాదిగా చూసి, "తిన్నందుకు సాకు బాగానే చెప్తా ఉండావే" అన్నది. అయినా ఆ రోజు నుంచి పరమాన్నం ఆపేసింది.

తీపి ఆగింది గాని తిండి పెరగలేదు. గిన్నెలో పెట్టి ఇస్తే "అట్టా పెట్టమ్మే, తింటాలే" అనేది. సాయంత్రానికి ఆ గిన్నె దూడ ముందుండేది. అత్త కూడా తినమనే అంటోంది, ఎవరూ వద్దనడం లేదు. ఆమెకే మనసొప్పడం లేదు. ఒకరోజు గట్టిగా అడిగితే, తల పక్కకు తిప్పుకుని, "మామయ్య చేలో ఉండాడు, అత్త ఇంకా మంచినీళ్లు కూడా ముట్టలా. చీపురు పుల్ల కూడా ఎత్తకుండా కూర్చునుండే దాన్ని, అందరికన్నా ముందు తినేదా? నాకు సిగ్గులేదా?" అన్నది. రెండు నెలలకు మద్రాసులో మళ్లీ చూపించారు. బావగారు తిరిగొచ్చి నేరుగా గొడ్లపాకలోకి వెళ్లారు. మా ఆయన వెనకే వెళ్లి వచ్చి నాతో చెప్పాడు. ఇలాగే తగ్గుతూ పోతే మళ్లీ మద్రాసు దాకా తీసుకురావాల్సిన పని ఉండదన్నాడట డాక్టరు. అక్క పిల్లలిద్దరూ వాకిట్లో ఆడుకుంటున్నారు. చిన్నదానికి మూడేళ్లు.

ఆ మర్నాడు పప్పు తాలింపు పెడుతుంటే తోచింది. సిగ్గు తినడానికే గాని పని చేయడానికి కాదు గదా! చిన్నదాని ఉగ్గుగిన్నె కడిగి, అందులో రెండు ముద్దల పప్పన్నం కలిపి అక్క ముందు పెట్టాను. "అక్కా, ఉప్పు చూడు. నాకెందుకో నాలిక మీద నమ్మకం పోయింది. మామయ్య నిన్న కూడా కసురుకున్నాడు." మామూలుగా ఉప్పు చూడటమంటే అరచేతిలో చుక్క వేసుకుని నాకడం. ఆమె చెయ్యి చాపింది. "చుక్కలో తెలవదక్కా, అన్నంలోనే తెలస్తాది" అన్నాను. ఆమె ఒక ముద్ద తిని, ఆలోచించి, గిన్నె ఖాళీ చేసి, "సరిపోయింది" అన్నది. నా ప్రాణం లేచొచ్చింది. పన్నెండింటికి పులుసు, మామయ్య వచ్చేలోపు సొరచేప పుట్టు, సాయంత్రం గుగ్గిళ్లు మెత్తగా నూరి, దీపాలవేళకు గంజి. మాకు చేపలమ్మే ఆమె పాలసొర తెచ్చిన రోజు నాకు పండగే, ముల్లు ఉండదు, మెత్తగా దిగుతుంది. ఉప్పు చూడటానికి వంటలు చాలక, ఊరగాయ జాడీలు, వడియాల పిండి, ఆఖరికి కుడితి గోళెం తప్ప అన్నిటికీ నాకు అనుమానమొచ్చేది. ప్రతిసారీ ఆమె నిదానంగా తిని, "సరిపోయింది" అనేది.

ఒకరోజు నిజంగానే పులుసులో ఉప్పు మరిచాను. అక్క గిన్నెడూ తిని సరిపోయిందన్నది. మామయ్య మొదటి ముద్దకే "ఏందిది, చింతపండు నీళ్లా?" అని విస్తరి ముందు నుంచి లేచాడు. అక్క తలొంచుకుని, "నాకు సరిపోయినట్టే ఉండిందత్తా" అన్నది. అయ్యో, కడుపుతో పాటు రుచి కూడా పోయిందే అని పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

ఈ గొడవలో నా పరువు గంగలో కలిసింది. మా అత్త బావి దగ్గర, గుళ్లో, పెళ్లిళ్లలో, దొరికిన ప్రతి మనిషి దగ్గరా "మా చిన్నదానికి ఉప్పు కూడా తెలీదు తల్లీ, పెద్దది చూసి చెప్పాల్సిందే" అని చెప్పేది. ఇంట్లో అక్క వినేలా నన్ను కడిగేసేది. నాకు అత్త మీద ఒళ్లు మండిపోయేది. ఊళ్లో పిల్లలు కూడా నన్ను ఉప్పు తెలీని పిన్ని అనేవాళ్లు. చివరకు ఆ మాట మా పుట్టింటికి చేరింది. మామిడికాయల బుట్టతో మా అమ్మ దిగింది. పంచలో కూర్చుని, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "వదినా, పిల్లకి ఏమీ నేర్పకుండా అంటగట్టినానని మా ఊళ్లో కూడా చెప్పుకుంటా ఉండారు. తలెత్తుకోలేకపోతా ఉండా. రెండు నెల్లు నాతో పంపించు, నేర్పించి తెచ్చి దించుతా" అన్నది. నేను రెండు నెలలు లేకపోతే ఉగ్గుగిన్నె ఎవరు పెడతారు? అక్క పెరట్లో ఉంది. అత్త మా అమ్మ చెయ్యి పట్టుకుని వడ్లకొట్టులోకి తీసుకుపోయింది. నేనూ వెనకే దూరాను.

బస్తాల మధ్య నిలబడి, గొంతు తగ్గించి మా అత్త అన్న మాటలు నాకు ఇప్పటికీ పొల్లుపోకుండా గుర్తు. "నీ కూతురికి ఉప్పు తెలీదని ఊరంతా చెప్పింది నేనే వదినా. పెళ్లి మాటలకొచ్చినప్పుడు దాని చేతి పులుసు తిన్నదాన్ని, నాకు తెలవదా? ఉగ్గుగిన్నె ఎత్తిన రెండో రోజే ఇది నాకు దొరికిపోయింది. పెద్దది తెలివిగలది, ఊరికే నమ్మదు. నేను తిట్టాల, ఊరు నవ్వాల, అప్పుడు గదా అది నమ్మి తినేది! ఇప్పుడిప్పుడే దాని మొహాన నెత్తురు చుక్క కనపడతా ఉంది. ఈ పిల్లని తీసకపోతే నా పెద్ద కోడలు బతకదు. ఇంకొన్నాళ్లు ఆ మాట పడుండు తల్లీ, నీ కాళ్లు పట్టుకుంటా" అని నిజంగానే వంగింది. మా అమ్మ గబుక్కున ఆమె భుజాలు పట్టుకుని లేపింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. అన్నాళ్లూ అత్తను నేను మనసులో తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తర్వాత మా అమ్మ కళ్లు తుడుచుకుని పెరట్లోకి వెళ్లి, అందరికీ వినపడేలా, "అమ్మాయ్, మా పిల్లకి ఉప్పు నేర్పడం నా వల్ల కాలా. నువ్వే నేర్పాల, నీదే భారం" అన్నది. వెళ్లేటప్పుడు నన్ను దగ్గరకు తీసుకుని నెత్తి మీద ముద్దు పెట్టుకుంది.

ఆ ఏడు వరికోతలు అయ్యేసరికి అక్క నిలదొక్కుకుంది. పాత లావు మళ్లీ రాలేదు. గాజులామె వచ్చి ఆమె చేతికి నా కొలత గాజులే ఎక్కించింది. అక్క మణికట్టు దారం తెంపి, కాసేపు వేళ్ల మధ్య నలుపుతూ కూర్చుని పొయ్యిలో వేసింది. మా ఇంట్లో భోజనాల వరస మాత్రం ఎవరూ మార్చినట్టు లేకుండానే మారింది. ఉప్పు చూసే వంకతో నేను కూడా అక్కతో ఒక ముద్ద తినేదాన్ని, అత్త "పెరుగు పులిసిందేమో" అంటూ వచ్చి కూర్చునేది. అత్త పోయాక కూడా మేమిద్దరం ఆ అలవాటు మానలేదు. వేరు కాపురాలు పెట్టుకున్నాక కూడా పదకొండింటికల్లా నేను గిన్నె పట్టుకుని గోడ దాటేదాన్ని. ఎనభై దాటేదాకా బతికింది మా అక్క. మనవళ్ల పెళ్లిళ్లలో వడ్డన ఆమె చేతి మీదుగానే జరిగింది. నలుగురిలో నన్ను చూపించి, "దీనికి ఉప్పు నేర్పింది నేనే" అని నవ్వేది. నేనూ, అత్తా, అమ్మా కలిసి ఆమెను ఎంత బాగా నమ్మించామో అని లోలోపల గర్వపడేదాన్ని.

మొన్న కారులో వస్తుంటే, ఆ ఉప్పు లేని పులుసు గుర్తొచ్చింది. కోసింది కడుపునే గాని నాలికను కాదు. మొదటి ముద్దకే అక్కకు తెలిసి ఉంటుంది. ఉప్పు చూసే మనిషైతే ఉప్పు లేదని చెప్పేది. ఆమె చూసింది ఉప్పును కాదు. మరిది పెళ్లాం పడుతున్న పాట్లు చూసింది, అత్త నోటితో తిడుతూ కళ్లతో గిన్నె వైపు చూడటం చూసింది. చూసి, సిగ్గు చంపుకుని, మాకోసం చప్పిడి పులుసు మింగింది. మేము ఆమెను నమ్మించలేదు. మేము నమ్మించామని మమ్మల్ని ఆమె నమ్మనిచ్చింది. కారులో మనవడు, "ఏంటి నానమ్మా, ఏడుస్తున్నావు?" అని అడిగాడు. ఏం చెప్పను? ఒక గిన్నె పులుసు రుచి తెలియడానికి నాకు అరవై ఏళ్లు పట్టింది, తెలిసిందక్కా అని చెబుదామంటే గోడ అవతల ఎవరూ లేరు.