వేలితో తిప్పి చూసే మేస్త్రీ

మూకండపల్లిలో మా బేరింగుల ఫ్యాక్టరీ మేస్త్రీకి ఒకటే చాదస్తం. తిరిగే వస్తువు ఏది కనబడినా వేలితో తిప్పి, చెవి దగ్గర పెట్టుకొని వింటాడు; సద్దు చేస్తే పనికిరాదంటాడు. రిమోట్‌తో రేసుకు తోలే నా చిన్న బగ్గీ కారుకి నైట్రో ఆయిలుతో నడిచే ఇంజన్ కొనేదానికి ఆయన్నే పిలుచుకొని పోయినాను. నాదే బుద్ధి తక్కువ. కొత్త ఇంజన్ తిప్పితే పిస్టన్ పైకి పోయి పట్టుకుంటా ఉండింది. మొగం చిట్లించినాడు.

"ఆ బిగుతు ఉంటేనే స్టార్ట్ అవుతాదన్నా," అని అంగడాయన మొత్తుకున్నాడు. వింటేనా! "ముప్పై ఏండ్లు బేరింగులు చేసినోనికి చెప్తావా?" అని, అంగట్లో ఉండే, వదులుగా తిరిగే పాత ఇంజనే కొనిపించినాడు.

కృష్ణగిరి రేసులో అందరి బగ్గీలూ రయ్యిమని పోయినాయి. నాది ఉలకలేదు, పలకలేదు. మేస్త్రీ దాన్ని ఎత్తి, ఇంజన్ని వేలితో తిప్పి, నా చెవికి ఆనించినాడు.

"వినప్పా, వెన్న మాదిరి! ఒక్క సద్దన్నా ఉండాదా?"