ఊడ్చిన మలుపు

ఆర్డిస్ చీపురు ఎడమవైపుకే అరిగేది. కొత్తది కొన్నా అంతే, వేసవి ముగిసేలోగా ఇంటి ముందు రోడ్డులాగే ఏటవాలుగా తయారయ్యేది. మలుపు లోపలి అంచు నుంచి ఊడ్చుకుంటూ బయటి గడ్డిలోకి తోయాలి. అడ్డదిడ్డంగా ఊడిస్తే కంకర మళ్లీ చక్రాల దారిలోకే వస్తుంది. ఈ సంగతి ఆమెకు ఎవరూ నేర్పలేదు.

ఆ కొండల్లో రోడ్లన్నీ పాల కోసం పడ్డవే, పేర్లు కూడా ఒక్కో ఇంగ్లీషు అక్షరమే. లోయకు నాలుగు పశువుల కొట్టాలుండేవి. మంచు పడనీ, బురద కానీ, పాల లారీ రోజూ రావాల్సిందే. అందుకని ఎంత మారుమూల ఇంటికైనా తారు వేశారు. ఆ నున్నటి రోడ్లు చూసి పట్నాల నుంచి సైకిళ్లవాళ్లు రావడం మొదలుపెట్టారు. శనివారం వచ్చిందంటే బిగుతు చొక్కాలు తొడుక్కుని రొప్పుకుంటూ కొండెక్కేవాళ్లు, ఈల వేసినట్టు దిగేవాళ్లు.

"తిన్నదరక్క తొక్కుతున్నారు. నా కొట్టంలోకొచ్చి పేడెత్తితే ఇదే కసరత్తు, పైగా నాకు పుణ్యం" అనేవాడు ఆర్డిస్ భర్త వెర్లిన్.

అలాంటి వెర్లిన్ కూతురే సైకిలెక్కింది. మారిట్‌కు జున్ను ఫ్యాక్టరీలో ఉద్యోగం. మధ్యాహ్నం దాకా పాల విరుగుడు బరువులెత్తి, ఇంటికి రాగానే సైకిలు తీసేది. తిరిగొచ్చాక వంటింటి గట్టుకి ఆనుకుని, తల్లి అంట్లు కడుగుతుంటే ఆ రోజు తిరిగిన దారంతా ఒప్పజెప్పేది.

"కె రోడ్డు మీద చర్చి దాకా ఎక్కాలమ్మా. అక్కడ గాలి మొహాన కొడుతుంది, తల వంచుకోవాలి. ఎడమకి తిరిగితే ఎన్ రోడ్డు. ఇంక రెండు మైళ్లు దిగుడే దిగుడు. అడుగున మూతబడ్డ జున్ను ఫ్యాక్టరీ ఉందే, ఆ మలుపులో కంకరుంటుంది. బ్రేకు ముందే నొక్కాలి."

"నేనేమన్నా తొక్కొచ్చానా పెట్టొచ్చానా? నాకెందుకే ఇవన్నీ?"

"నువ్వెటూ ఇల్లు కదలవుగా. నీ చెవుల్నన్నా తిప్పుకొస్తున్నా."

నిజమే. పక్క లోయలో పుట్టి, ఈ లోయలోకి కాపురానికొచ్చి, ఆర్డిస్ ఎరిగిన ప్రపంచం అంతే. కానీ వినీ వినీ ఆ కొండల్లో ఏ రోడ్డు ఎక్కడ ఎక్కుతుందో, ఎక్కడ విరుగుతుందో ఆమెకు కంఠతా వచ్చింది.

ఏటా జూన్‌లో సైకిళ్ల సంఘం వాళ్లు పెద్ద సవారీ పెట్టేవారు. దారి గీసేది మారిట్. రోడ్డు మీద పసుపు రంగుతో బాణాలు వేసేదీ మారిటే. ఎటు తిప్పినా చివరికి తమ ఇంటి ముందు నుంచే పోనిచ్చేది. "మా అమ్మ చేతి ఓట్స్ బిస్కెట్లు తినకుండా ఎవడూ ఈ కొండ దాటడానికి వీల్లేదు" అని హుకుం. ఆ రోజు ఆర్డిస్ గేటు దగ్గర బల్ల వేసి కూర్చునేది. పేరు తెలియని వాళ్లు వందమంది చెమటతో వచ్చి "చల్లగా ఉండు తల్లీ" అని తిని పోయేవారు.

ఒక ఆగస్టులో రాత్రంతా వాన కొట్టింది. వాళ్ల ఇంటి బాట కంకరది. నీళ్లకు ఆ కంకర జారి మలుపులో పరుచుకుంది. తెల్లారి చూసి వెర్లిన్ అన్నాడు, "పాలు పితికాక పారతో ఎత్తేస్తాలే." తీరా ఒక ఆవు ఈతకు వచ్చి దూడ అడ్డం తిరిగింది. దాంతోనే మధ్యాహ్నం అయిపోయింది.

ఆర్డిస్ చలికాలానికని చిక్కుళ్లు ఉడికించి సీసాలకెత్తుతోంది. ఖాళీ పాలక్యాను రాయి మీద పడ్డట్టు ఒక చప్పుడు వినిపించింది. వెర్లిన్ క్యాను పడేశాడనుకుంది. పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. ఇంకో మూడు సీసాలు నింపింది. ఆ తర్వాత ఎందుకో చేతులు తుడుచుకుని బయటికొచ్చింది.

కంకర ఎక్కడెక్కడుందో కొండ కొండంతా తెలిసిన పిల్ల, సొంత ఇంటి మలుపుని మాత్రం అనుమానించలేదు. ముందు చక్రం జారి, తూము గోడకు తల తగిలింది. అప్పటికి మారిట్‌కు ఇరవై నాలుగేళ్లు.

అంత్యక్రియలైన మర్నాడు ఆర్డిస్ చీపురు పట్టుకుని రోడ్డు మీదికి వెళ్లింది. ఆ తర్వాత ఆరేళ్లు మంచు లేని ప్రతి ఉదయం వెళ్లింది. వాన పడితే రెండుసార్లు. వెర్లిన్ ఆ మలుపు దాటడమే మానుకున్నాడు. ఊళ్లోకి పోవాలంటే పై కొండ చుట్టూ తిరిగి నాలుగు మైళ్లు ఎక్కువ పోయేవాడు. రెండో ఏడు ఆవుల్ని అమ్మేశాడు. కింది ఇళ్లవాళ్లు అంతకుముందే అమ్మేశారు. పాల లారీ రావడం ఆగింది.

లారీ ఆగాక ఆ రోడ్డు ఊరి బోర్డు కంట్లో పడింది. తారు పగుళ్లిచ్చింది, మళ్లీ వేయించే స్తోమత ఊరికి లేదు. ఉన్న తారును యంత్రంతో పిండి కొట్టించి కంకర రోడ్డు చేద్దామన్నారు. బోర్డులో ముగ్గురు సభ్యులు. అధ్యక్షుడు డ్యువేన్, బడిలో పియానో నేర్పే క్లారిస్, మూడోవాడు వెర్లిన్.

మే నెలలో ఒక సాయంత్రం మీటింగ్. ఎప్పుడూ రాని ఆర్డిస్ వెళ్లింది. పుల్లటి రూబార్బ్ కాడలతో తాను చేసిన తీపి ముక్కల పళ్లెం కాఫీ పక్కన పెట్టి, వెనక బల్ల మీద కూర్చుంది. తన వంతు వచ్చాక లేచింది.

"ఆ రోడ్డు అట్లాగే ఉంచండి. పగుళ్లుంటే ఉండనీండి. శుభ్రంగా ఉంచే పూచీ నాది."

డ్యువేన్ చెడ్డవాడు కాదు. గది బిగుసుకుపోయిందని తేలిక చేయబోయాడు. "నువ్వు ఊడ్చీ ఊడ్చీ ఆ తారు సగం అరగదీశావు తల్లీ. ఇంక మా యంత్రానికి మిగిల్చిందేముంది?" ఒకరిద్దరు నవ్వారు. తర్వాత అతనే తల దించుకుని, "పాల లారీ రాదు ఆర్డిస్. లారీ రాని రోడ్డుకి తారెందుకు, నువ్వే చెప్పు" అన్నాడు.

"సైకిళ్లవాళ్లు వస్తారు."

"వాళ్లు పన్ను కట్టరు కదమ్మా."

"బిస్కెట్లు తింటారు" అంది ఆర్డిస్. ఈసారి ఎవరూ నవ్వలేదు.

క్లారిస్ తారు ఉంచాలంది. డ్యువేన్ కంకర అన్నాడు. అందరూ వెర్లిన్ వైపు చూశారు. ఆర్డిస్ అతని మెడ వెనక ఎండకు కమిలిన చర్మాన్నే చూస్తోంది. ఆ మెడ కదల్లేదు. చెయ్యి మాత్రం లేచింది, కంకర వైపు.

పై కొండ చుట్టూ తిరిగి ఇంటికొచ్చారు. ఇంకా వెలుగుంది. వాకిట్లో బండి ఆపి, వెర్లిన్ తాళం తిప్పాడు గానీ దిగలేదు.

"కంకర మీద ఎవడూ అంత వేగంగా దిగడు" అన్నాడు.

తలుపు తీయబోయిన ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఆరేళ్ల నుంచీ ఆ చీపురు చప్పుడుకే లేస్తున్నా ఆర్డిస్. పడకగదిలోకి వినపడుతుంది. ఒక్కో ఊడుపుకీ ఆ రోజు నేను ఎత్తని పార గుర్తొస్తుంది. నువ్వు నన్ను ఒక్క మాటా అనలేదు. పొద్దున్నే లేచి ఊడ్చావు, అంతే. అంతకంటే తిట్టేస్తే బాగుండేది."

ఆర్డిస్ ఒళ్లో ఖాళీ పళ్లెం ఉంది. దాని అంచుకు అంటిన తీపిని గోటితో గీకుతూ కూర్చుంది.

"నిన్ను అనడానికి కాదు. చెప్పి ఉంటే చప్పుడు కాకుండా ఊడ్చేదాన్ని."

తిట్టాలని తనకు ఎన్నడూ అనిపించలేదని మాత్రం ఆమె అనలేదు. అది అబద్ధమవుతుంది.

జూన్ సవారీ ఆ దారిన అదే ఆఖరు. ఆర్డిస్ బల్ల వేసింది, బిస్కెట్లు పెట్టింది. జులైలో యంత్రం వచ్చింది. రెండు రోజుల్లో మలుపుతో సహా రోడ్డంతా నలగ్గొట్టి పోసింది. మారిట్ పోయాక వేరే ఎవరో వేసిన పసుపు బాణాలు కూడా పొడిలో కలిశాయి. ఆ పిల్లను చంపిన కంకర ఒక్క మలుపులో పిడికెడు ఉండేది. ఇప్పుడు కొండ మొదలు నుంచి చివర దాకా అదే. ఊడ్చడానికి ఏమీ లేదు, అంతా ఊడ్చాల్సిందే. ఆమె చీపురును కొట్టంలో ఒకప్పుడు ఆవుల్ని కట్టిన కొయ్యకు ఆనించి వచ్చింది. వెర్లిన్ అప్పటి నుంచి మలుపు మీదుగానే ఊళ్లోకి పోతున్నాడు, నిదానంగా.

సెప్టెంబరులో ఒక ఉదయం ఆమె ఉత్తరాల పెట్టె దగ్గరికి వెళ్తుంటే, ఒకామె సైకిలు నడిపించుకుంటూ కొండ దిగుతోంది. నలభై ఏళ్లుంటాయి. సైకిలు బూట్ల అడుగున ఇనుప బిళ్లలు కంకరలో కరకరలాడుతున్నాయి. చేతిలో నలిగిన పాత కాగితం.

"ఇందులో తారు అని ఉందే అమ్మా! ఎటు పోయినా రాళ్లే, నా చక్రాలు దారంలా సన్నటివి. పట్నానికి మంచి దారేదైనా ఉందా?"

ఆర్డిస్ కాగితం తీసుకుని చూసింది. చేతిరాత చూడగానే గుర్తుపట్టింది. మడిచి తిరిగి ఇచ్చేసింది.

"వెనక్కెళ్లి కె రోడ్డెక్కు. చర్చి దాకా ఎక్కాలి. అక్కడ గాలి మొహాన కొడుతుంది, తల వంచుకో. ఎడమకి తిరిగితే ఎన్ రోడ్డు, రెండు మైళ్లు దిగుడే. అడుగున మూతబడ్డ జున్ను ఫ్యాక్టరీ..." ఆమె ఆగింది. "ఆ మలుపులో కంకరుంటుంది. బ్రేకు ముందే నొక్కు."

"అబ్బో, మీరు బాగా తొక్కినట్టున్నారే!"

"నేను కాదు. మా అమ్మాయి."

ఆవిడ నవ్వుతూ చెయ్యూపి కొండెక్కింది. ఆర్డిస్ పెట్టె తెరవకుండానే నిలబడింది. ఎన్ రోడ్డు మలుపులో కంకరుందని ఇన్నేళ్లూ వింది. దాన్ని ఎవరైనా ఊడుస్తారా అన్నది మాత్రం ఎప్పుడూ అడగలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా బండి వెనక చీపురు వేసుకుంది. అక్కడికి పదకొండు మైళ్లు. అంత దూరం నుంచి చీపురు చప్పుడు పడకగదిలోకి వినపడదు.